ముప్ఫైనాలుగు కొలత మనిషి

మా కార్ఖానాలో మా చెల్లిని ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు. హాజరు పుస్తకంలో పేరు ఉండేది, అంతే. మిగతా అందరికీ అది ముప్ఫైనాలుగు. "ముప్ఫైనాలుగు వచ్చిందా?" "ముప్ఫైనాలుగుకి జలుబట, ఈ పూట ట్రయల్ లేదు." మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఆడపిల్లని అంకె పెట్టి పిలవడమేంటని ఇస్త్రీ ఆవిడతో ఒకసారి గట్టిగానే గొడవ పడ్డాను. మా చెల్లి మాత్రం నవ్వి ఊరుకుంది. దానికి ఆ పేరంటే ఇష్టం.

మేం కుట్టేది ఆడవాళ్ళ లోపలి బట్టలు. ముఖ్యంగా బ్రాలు. నేను కటింగ్ మాస్టర్ని. అట్ట మీద ముక్కలు గీసి, కోసి ఇస్తే, వాటిని పెట్టుకుని బట్ట కోసి మిషన్ల వాళ్ళు కుడతారు. ముప్ఫైనాలుగు అట్ట సరిగ్గా కుదిరితే చాలు, ముప్ఫైరెండు, ముప్ఫైఆరు, ముప్ఫైఎనిమిది అన్నీ దాన్నుంచే పెంచీ తగ్గించీ తీస్తాను. అందుకని ఆ మొదటిది ఒక మనిషి ఒంటి మీద కుదరాలి. ఆ మనిషి ఆరేళ్ళుగా మా చెల్లి. రొమ్ము కింద ముప్ఫైనాలుగు, రొమ్ము మీదుగా ముప్ఫైఆరు. మా కంపెనీ సరుకు వేసుకునే ఆడవాళ్ళందరూ, వాళ్ళకి తెలియకపోయినా, మా చెల్లి ఒంటి కొలతనే వేసుకున్నారు.

మూలన డమ్మీ బొమ్మ కూడా ఒకటి ఉంది. కార్ఖానా నడిపే మా మేడమ్ దాన్ని దుమ్ము పట్టడానికి కొన్నాను అంటుంది. "డమ్మీ వంగదు, దగ్గదు, చంటిపిల్లని ఎత్తుకోదు. ముఖ్యంగా నోరు విప్పి చెప్పదు" అనేది. మా చెల్లి చెప్పేది. కొత్త నమూనా వేసుకుని సగం పూట తిరిగేది, డబ్బాలు ఎత్తేది, బల్ల మీద పడుకునేది, లేచి వచ్చి చెప్పేది. "ఎడమ కప్పు కింద, కుట్టు మొదలయ్యే చోట, అర నూలు లోపలికి తియ్యక్కా." నేను అర నూలు, అంటే అంగుళంలో పదహారో వంతు, తీసేదాన్ని. మళ్ళీ వేసుకునేది. "ఇప్పుడు బాగుంది. కానీ సాయంత్రానికి ఒరుసుకుంటుంది." సాయంత్రానికి నిజంగానే ఎర్రగా గీత పడేది. ఒక్కో నమూనాకి ఎనిమిదిసార్లు, పదిసార్లు విప్పించి కుట్టించేది. దీనికి చర్మం కాదు, చాడీలు చెప్పే నోరు ఉంది అని నేనే తిట్టుకునేదాన్ని.

తర్వాత దానికి పాప పుట్టింది. ఏడాదిన్నర పాలిచ్చి, మాన్పించి, మళ్ళీ పనిలోకి వచ్చింది. అన్నాళ్ళూ పాత అట్టలతోనే నెట్టుకొచ్చాం. వచ్చిన రోజు నేనే టేపు పట్టాను. కింద ముప్ఫైనాలుగు అలాగే ఉంది. మీదుగా ముప్ఫైనాలుగూ ముప్పావు. అంగుళంపావు పోయింది. టేపు తిప్పి పట్టాను, ఊపిరి పీల్చమన్నాను, వదలమన్నాను. టేపుకి మొహమాటం ఉండదు.

మేడమ్ వచ్చి చూసి, "తగ్గిందే" అంది. "సరే, వచ్చే సెట్టు నాటికి చూద్దాం" అని వెళ్ళిపోయింది. అంతే అంది. ఇంకొక్క ముక్క ఎక్కువ అనలేదు. ఆ కాసిని మాటల్లోంచి మొత్తం కథంతా అల్లుకున్నది నేను.

"ఇంకో మనిషిని చూస్తారు" అన్నాను ఆ సాయంత్రం చెల్లితో. "నిన్ను దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోబెడతారు."

దాని మొహం మాడిపోయింది. అది చదువుకోలేదు, మిషన్ మీద కూర్చుంటే కుట్టు వంకర పోతుంది. ఈ ఒక్క పనిలోనే దాన్ని మించినవాళ్ళు లేరు. అక్కడ అది మాట్లాడితే మేడమ్ కూడా కాగితం పెట్టుకుని రాసుకునేది. ఇంట్లో మా నాన్న దగ్గర్నుంచి దాని మొగుడు, మా మరిది దాకా దాని మాట రాసుకున్న మనిషి ఇంకొకరు లేరు.

నెల రోజులు తిండి పెంచింది. ఒళ్ళు వచ్చింది గానీ, రావలసిన చోటు తప్ప అన్ని చోట్లా వచ్చింది. నడుము కొలత కూడా పోతుందేమోనని భయపడి మానేసింది. అప్పుడు నేనన్నాను, రొమ్ము పెంచే ఆపరేషన్ చేయిద్దాం అని. నేనే అన్నాను. బట్టలో అంగుళంపావు తక్కువైతే ముక్క అతుకుతాం కదా. నా బుర్రకి అంతకు మించి తోచలేదు.

మా మరిదికి చెబితే, "నా కోసమైతే వద్దు" అన్నాడు. "నీ కోసం కాదులే" అంది చెల్లి. "అయితే ఎవరి కోసం?" అన్నాడు. దానికి జవాబు మా ఇద్దరి దగ్గరా ఉంది గానీ చెప్పలేదు.

డాక్టరమ్మ గదిలో గాజు బల్ల, బల్ల మీద ఒక పెట్టె, అందులో మెత్తటి సంచుల నమూనాలు. డాక్టరమ్మ తొందరలేని మనిషి. ముందు చెల్లిని అడిగింది, "ఇది ఎవరి కోసం చేయించుకుంటున్నారు?" అని.

"నా కోసమే." నేను నేర్పిన జవాబే.

"ఏం పని చేస్తారు?"

చెల్లి నోరు తెరిచేలోగా నేను అందుకున్నాను. "నాతోపాటే, బట్టల కార్ఖానాలో." ఉద్యోగం కోసమంటే ఈవిడ కాదంటుందేమోనని నా భయం. చెప్పింది అబద్ధం కాదు, నిజమూ కాదు.

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీస్తూ ఒక్కొక్కటే చెప్పింది. ఒంట్లోనే పొట్ట దగ్గరో తొడల దగ్గరో కొవ్వు తీసి రొమ్ములోకి ఎక్కించవచ్చట. బయటి వస్తువేదీ ఉండదు. కానీ ఎక్కించినదాంట్లో కొంత ఒంట్లోనే కరిగిపోతుంది, ఎంత మిగులుతుందో ముందే చెప్పలేం. "అయినా మీ ఒంట్లో తీయడానికి ఏముందని?" అంది చెల్లిని చూసి. జారిన చర్మాన్ని బిగించి పైకి ఎత్తవచ్చట. ఆకారం వస్తుంది, పరిమాణం పెరగదు. లేదా ఇంప్లాంట్లు, రొమ్ము లోపల పెట్టే చిన్న సంచులు. వాటిలో ఉప్పునీళ్ళు నింపినవి ఉన్నాయి. చిరిగితే వెంటనే చదునైపోయి తెలిసిపోతుంది, నీళ్ళని ఒళ్ళే పీల్చుకుంటుంది. కానీ పల్చటి చర్మం కింద ముడతలు కనబడొచ్చు. సిలికాన్ జెల్ నింపినవి పట్టుకుంటే కండలాగే ఉంటాయి. చిరిగినా మనకి తెలియకపోవచ్చు, అందుకని అప్పుడప్పుడూ స్కానింగ్ తప్పదు. గుండ్రటివి కొన్ని, నీటిబొట్టులా కింద బరువుగా ఉండేవి కొన్ని. ఆ బొట్టు ఆకారంవి లోపల తిరిగితే ఆకారమే మారిపోతుంది. కండ పైన పెట్టవచ్చు, కండ కింద పెట్టవచ్చు. కోత రొమ్ము కింది మడతలో పెట్టవచ్చు, చనుమొన చుట్టూ పెట్టవచ్చు, చంకలో పెట్టవచ్చు.

నేను శ్రద్ధగా విన్నాను. బట్టల కొట్లో తాను మీద తాను పరిచి చెబుతుంటే వింటామే, అలా విన్నాను. "ఎన్ని మిల్లీలీటర్లు పెడితే అంగుళంపావు వస్తుంది?" అని అడిగాను.

డాక్టరమ్మ కలం ఆపింది. "నేను అంగుళాల్లో మాట ఇవ్వనమ్మా. మనిషి మనిషికీ తేడా ఉంటుంది" అంది. తర్వాత చెల్లి వైపు తిరిగి చెప్పింది. "ఇవి జీవితాంతం ఉండేవి కావు. ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సో తీయాల్సో రావచ్చు. చుట్టూ ఒళ్ళు ఒక పొర కడుతుంది, కొందరికి ఆ పొర బిగుసుకుపోయి గట్టిపడుతుంది, నొప్పి పెడుతుంది. స్పర్శ తగ్గొచ్చు. చాలామందికి కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. కొందరికి రాదు. పడుకున్నా వంగినా మీ సొంతవాటిలా ఒరగవు, చాలావరకు ఉన్నచోటే ఉంటాయి."

"అంటే కొలత మారదన్నమాట" అన్నాను నేను, సంతోషంగా.

ఆవిడ నన్ను వింతగా చూసింది. "అంత తేలిగ్గా మారదు" అంది. "ఏమీ చేయించుకోకపోవడం కూడా ఒక దారేనమ్మా. ఇంటికి వెళ్ళి ఆలోచించుకోండి. పల్చటి మేజోళ్ళలో బియ్యం పోసి, మూట కట్టి, లోపల పెట్టుకుని రెండు రోజులు తిరిగి చూడండి. కొంత అంచనా వస్తుంది."

చెప్పేవాళ్ళు అన్నీ చెప్పారు. వినేదాన్ని నేను, నాకు కావలసినవి ఏరుకున్నాను. 'స్పర్శ' అన్న మాట కూడా విన్నాను. అది మరిదికి సంబంధించిన విషయం అనుకుని, మర్యాదగా దాన్ని పక్కన పెట్టాను.

బియ్యం మూటలు నేనే కట్టాను. తూచి, పోసి, టేపు పట్టి, కొంచెం తీసి, మళ్ళీ పట్టి, సరిగ్గా ముప్ఫైఆరుకి తెచ్చాను. రెండు రోజులు అది వాటితోనే తిరిగింది. పాప వేలితో పొడిచి కిలకిలా నవ్వేది. మా చెల్లి కూడా నవ్వింది. "అంతా బాగానే ఉందక్కా. వీటికి మాత్రం ఏమీ తెలియడం లేదు" అంది. "బియ్యానికేం తెలుస్తుందే?" అన్నాను. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

గుండ్రటివి, జెల్‌వి, కండ కింద పెట్టించాం. ఆపరేషన్ బాగానే జరిగింది. అందులో డాక్టరమ్మని తప్పు పట్టడానికి లేదు. ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టి, రెండున్నర నెలల తర్వాత పనిలోకి వచ్చింది. టేపు పట్టాను. కింద ముప్ఫైనాలుగు, మీదుగా ముప్ఫైఆరు. నూలు ఎక్కువ లేదు, నూలు తక్కువ లేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మేడమ్‌తో, "ఒళ్ళు దానంతటదే కుదుటపడింది" అన్నాను. మేడమ్ టేపు చూసి తలాడించింది.

కొత్త సెట్టులో అయిదు నమూనాలు. మొదటిది వేసుకుని సగం పూట తిరిగి వచ్చింది.

"ఎక్కడైనా పట్టిందా?"

"లేదక్కా. బాగుంది."

"కింద కుట్టు?"

"బాగుంది."

ఎనిమిదిసార్లు విప్పించే మనిషి రెండుసార్లకే ఒప్పేసుకుంది. అయిదుకి అయిదూ అంతే. నేనేమనుకున్నానో చెప్పనా? నా చెయ్యి తిరిగిందనుకున్నాను. ఇన్నేళ్ళకి నా పనితనం పండిందని లోలోపల మురిసిపోయాను. అది అద్దం ముందు నిలబడి, కప్పు మీద చేత్తో తడుముకుని, ఒక్క క్షణం ఆగి 'బాగుంది' అనేది. ఆ ఆగడం నేను చూశాను. చూసి కూడా అడగలేదు.

సరుకు బజారుకి వెళ్ళింది. నెలన్నర తిరక్కుండా వెనక్కి రావడం మొదలైంది. వంగితే కప్పు నోరు తెరుస్తోందని కొందరు. పడుకుంటే పక్కనుంచి జారిపోతోందని కొందరు. కింద కుట్టు ఒరుసుకుని చర్మం లేచిపోతోందని అందరూ. నేను నమ్మలేదు. ఇస్త్రీ ఆవిడది కూడా ముప్ఫైనాలుగే. ఒకటిచ్చి వేసుకోమన్నాను. మధ్యాహ్నానికి ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చి, రవిక పైకెత్తి చూపించింది. రొమ్ము కింద వాతలా ఎర్రటి గీత.

"మాస్టరమ్మా, ముప్ఫైనాలుగుకి ఇక్కడ ఒరుసుకోలేదా?" అంది. ఎగతాళి చేయలేదు, నిజంగానే అడిగింది.

మర్నాడు ట్రయల్ గదిలో మేడమ్ కూడా కూర్చుంది. చెల్లికి అదే నమూనా తొడిగాను. కుట్టు ఎక్కడ తీయాలో గుర్తు కోసం గుండుసూదులు గుచ్చుకుంటూ పోయాను.

"ఇక్కడ పడుతోందా?"

"లేదక్కా."

"ఇక్కడ?"

"లేదు. బాగానే ఉంది."

"చేతులు పైకెత్తు." ఎత్తింది. కప్పు లోపల అంతా ఒక్క ముద్దగా పైకి లేచింది, కండ లాగినట్టు. మామూలుగా అయితే మెత్తగా పక్కకి సర్దుకునేది. "వంగు." వంగింది. ఉన్నది ఉన్నట్టే ఉంది. ఇలాంటి ఒంటి మీద ఏ కప్పూ నోరు తెరవదు. డాక్టరమ్మ చెప్పింది, ఉన్నచోటే ఉంటాయని. అప్పుడు నేను సంతోషించాను.

"సరే, విప్పు" అన్నాను. హుక్కు తీసింది. లోపలి వైపు, కుడి కప్పు కింద, తెల్ల గుడ్డ మీద కందిగింజంత ఎర్రటి చుక్క ఉంది. దాని చర్మం మీద పెసరగింజంత నెత్తుటి బొట్టు చూస్తుండగానే పెద్దదవుతోంది. నేను గుచ్చిన సూదుల్లో ఒకటి బట్ట దాటి లోపలికి దిగింది. అది దిగి ఎంతసేపైందో. చేతులెత్తింది, వంగింది, 'బాగానే ఉంది' అంది.

మా చెల్లి తల వంచి ఆ రక్తాన్ని చూసింది. వేలితో తుడిచి, వేలు చూసుకుంది. "నాకు తెలియలేదక్కా" అంది.

మేడమ్ లేచి వచ్చి, దాని మడత కింద ఉన్న సన్నటి కోత గుర్తు చూసింది. అన్నీ అర్థమయ్యాయి ఆవిడకి. కోప్పడితే బాగుండేది. ఆవిడ కుర్చీలో కూలబడి, "ఎందుకు చేయించుకున్నావమ్మా?" అంది.

"కొలత తగ్గిందన్నారు కదా" అంది చెల్లి.

"తగ్గితే? తగ్గిన కొలత నుంచే గీసుకునేవాళ్ళం. అంగుళం ఎక్కువా తక్కువా మీ అక్క అట్ట మీద లెక్క కట్టుకుంటుంది, దాని పనే అది. అంగుళాలు నాకు ఏ మనిషైనా ఇస్తుంది. ఎక్కడ గుచ్చుకుంటోందో చెప్పే మనిషి నాకు దొరక్క కదా నిన్ను పెట్టుకున్నది."

నేను గోడ వైపు తిరిగాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఆ మందు వేసిన చెయ్యి నాది. ముప్ఫై ఏళ్ళుగా టేపు పట్టుకున్నాను, మనిషిని ఒక్కసారి కూడా కొలవలేదు నేను.

మేడమ్ చెల్లిని పంపించేయలేదు. దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఏ బల్ల పేరు చెప్పి నేను దాన్ని భయపెట్టానో అదే బల్ల. నెలలోపు కొత్త పిల్ల వచ్చింది, కాలేజీ మానేసిన పిల్ల, గలగలా మాట్లాడుతుంది. మొదటిరోజే ఇస్త్రీ ఆవిడ అలవాటు కొద్దీ కేకేసింది. "ముప్ఫైనాలుగూ, ట్రయల్‌కి రావాలట." బల్ల దగ్గర మా చెల్లి కత్తెర పెట్టేసి లేచి నిలబడింది. కొత్త పిల్ల కూడా లేచింది. ఒక్క క్షణం ఇద్దరూ నిలబడే ఉన్నారు. తర్వాత చెల్లి ఒళ్ళో పడిన దారం ముక్కలు దులుపుకోవడానికే లేచినట్టు దులుపుకుని కూర్చుంది.

అది చాలదన్నట్టు ఎడమ వైపు గట్టిపడింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. పైపైన ఏమీ తెలియని చోట, లోపల మాత్రం నొప్పి. మళ్ళీ ఆ గాజు బల్ల ముందు కూర్చున్నాం, ఈసారి చెల్లి తన పనేంటో ఉన్నదున్నట్టు చెప్పింది. డాక్టరమ్మ మళ్ళీ కాగితం తీసుకుంది. తీసేయవచ్చు. తీస్తే చర్మం మునుపటికంటే వదులుగా వేలాడవచ్చు, అప్పుడు దాన్ని బిగించాలి, ఇంకో కోత. లేదా పొర తీసి కొత్తవి పెట్టవచ్చు, మళ్ళీ గట్టిపడవని హామీ లేదు. స్పర్శ ఏం చేసినా తిరిగి వస్తుందని చెప్పలేం.

"మీరు చేసే పని ఇదని అప్పుడే చెప్పి ఉంటే వద్దనేదాన్ని" అంది. చెల్లినే చూస్తూ అంది. నన్ను చూడలేదు. చూడకపోవడం మర్యాద కోసమో, అసహ్యంతోనో నాకు తెలియదు.

పాపకి ఇప్పుడు మాటలు వచ్చాయి. వాళ్ళమ్మ గుండె మీద తల పెట్టి పడుకునే పిల్ల, ఈ మధ్య లేచి దిండు తెచ్చుకుంటోంది. "అమ్మ గట్టి" అంటుంది. తిట్టినట్టు కాదు, పాలు వేడి అన్నట్టు చెబుతుంది. మా మరిది ఆ మాట విన్నప్పుడల్లా ఏదో పని ఉన్నట్టు బయటికి వెళ్ళిపోతాడు.

పోయిన ఆదివారం చెల్లి మా ఇంటికి వచ్చింది. తలుపు వేసి, "అక్కా, నాకొకటి కుట్టిపెట్టవూ" అంది. "ఏదేసుకున్నా కుదరడం లేదు. పైకి ఎగబాకేస్తోంది, లేకపోతే ఎక్కడో కోసుకుని రక్తం వస్తోంది. స్నానం చేసేటప్పుడు చూసుకుంటే గానీ తెలియడం లేదు."

నా దగ్గర ఆరేళ్ళ నమూనాలన్నీ ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి తొడిగాను. అన్నీ దాని ఒంటి మీదే కుదిరినవి. ఊళ్ళో ఎందరో ఆడవాళ్ళు ఈ పూట వాటిని వేసుకుని హాయిగా పని చేసుకుంటున్నారు. దానికి ఒక్కటీ సరిపోలేదు. టేపు పట్టాను. ముప్ఫైనాలుగు, ముప్ఫైఆరు. టేపు తీసి అవతల పారేశాను.

పాత దుప్పటి గుడ్డ తీసుకుని, అట్ట లేకుండా, దాని ఒంటి మీదే పెట్టి గీయడం మొదలుపెట్టాను. ప్రతి సూదీ గుచ్చేముందు నా వేలు లోపలి వైపు అడ్డం పెట్టుకున్నాను, మొన దిగితే నాకు దిగేలా. రెండుసార్లు దిగింది. అలవాటు కదా, నోరు ఊరుకోలేదు.

"ఇక్కడ పడుతోందా?" అని అడిగేశాను.

ఆరేళ్ళు మాకందరికీ చెప్పిన మనిషి, చేతులు రెండూ పక్కకి చాపి నిలబడి, "నాకేం తెలుసక్కా. నువ్వే చూసి చెప్పు" అంది.

నేను మోకాళ్ళ మీద కూర్చుని, దాని చర్మం మీద వేలితో కుట్టు పొడవునా తడుముతూ చూశాను. నాకూ తెలియలేదు.